పిన్ని నింపిచ్చిన సీసా

మా పిన్నికి కుడి చెయ్యీ కుడి కాలూ మాటా పడిపోవడానికి నేనే కారణమని ఇంతవరకూ ఎవరూ అనలేదు. డాక్టరు అనలేదు, ఆ వీధివాళ్ళు అనలేదు, ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలన్న దగ్గర కూడా నా తప్పు వెతికే మా ఆయన సైతం అనలేదు. అది వాళ్ళ మంచితనం. నేను సైన్సు టీచర్ని. నల్లబల్ల మీద కారణం, ఫలితం అని రెండు గళ్ళు గీసి పిల్లల చేత నింపించడం నా పని. పిన్ని విషయంలో మొదటి గడి ఖాళీగా వదిలేసి చాక్‌పీసు కింద పెట్టేయడం నాకు చేతకావడం లేదు.

పిన్ని ఉండేది దరియాలతిప్పలో, ఏటిగట్టుకి దగ్గరగా చిట్టచివరి వీధిలో. అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్ళు. ఆ తర్వాత నాకు అమ్మంటే పిన్నే. బాబాయి వేటకి వెళ్ళేవాడు, ఆవిడ గంప నెత్తిన పెట్టుకుని పక్కనున్న అడవిపొలం ఊరిదాకా నడిచి చేపలు అమ్మేది. వాళ్ళకి పిల్లల్లేరు. బాబాయి పోయాక కూడా గంప దించకుండా నన్ను బీయెడ్ దాకా చదివించింది. ఇప్పుడు నేను యానాంలో ఒక బడిలో పనిచేస్తున్నాను, ఫరంపేటలో కాపురం. పిన్ని ఇంటికి స్కూటీ మీద ఎంతో సేపు పట్టదు. అయినా ఉద్యోగం వచ్చాక వారానికోసారి వెళ్ళడమే గగనమైపోయింది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఖాళీ గిన్నె గడప దాటకూడదు. పక్కింటివాళ్ళు పులుసు పోసి పంపిన గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు అందులో గుప్పెడు ఎండు రొయ్యలో, రెండు నిమ్మకాయలో, ఏమీ లేకపోతే కాసిని బియ్యమో వేయాలి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒకసారి, మేం తినగా మిగిలిన ముదురు వంకాయలు రెండు వేసి గిన్నె ఇచ్చి వచ్చాను. పిన్ని వీపు మీద ఒక్కటి వేసింది.

"మనం ఏదైనా తినొచ్చే. పుచ్చు తిందాం, సచ్చు తిందాం. గడప దాటేది మాత్రం మంచిదై ఉండాలి," అంది.

ఆ దెబ్బ నాకు గుర్తుంది. ఆ మాట మర్చిపోయాను. ఈ కథంతా ఆ మరుపులోనే ఉంది.

కొన్నేళ్ళ కిందట దూరపు నగరంలోని ఒక యూనివర్సిటీ నుంచి మా బడికి ఉత్తరం వచ్చింది. నదులు సముద్రంలో కలిసే చోట్ల భూమిలోపలి నీళ్ళు ఏ మేరకు ఉప్పెక్కుతున్నాయో వాళ్ళు చూస్తున్నారట. దానికి శాస్త్రవేత్తలే అక్కర్లేదు, ఊళ్ళో ఉన్న మామూలు మనుషులు వారం వారం నీళ్ళు కొలిచి ఫోనులో నమోదు చేస్తే చాలు. దీన్ని పౌరవిజ్ఞానం అంటారని రాశారు. పిల్లలకి చదువూ అవుతుంది, పరిశోధనా అవుతుంది. హెడ్మాస్టరు గారు దాన్ని స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెడితే అందరూ దండాలు పెట్టి ఊరుకున్నారు. నేను చేస్తానన్నాను.

ఎందుకన్నానో దాచను. సగం గొప్ప కోసం. యూనివర్సిటీ పేరున్న సర్టిఫికెట్టు స్టాఫ్ రూము గోడకి తగిలించుకోవాలని నా ఆశ. మిగతా సగం పిన్ని కోసం. అప్పటికే ఆవిడకి బి.పి. వచ్చి ఏడాది దాటింది. డాక్టరు ఉప్పు తగ్గించమంటే పూర్తిగా మానేసింది. ఎండుచేప అమ్మి బతికిన మనిషి ఎండుచేప ముట్టడం మానేసింది. చప్పిడి కూర, చప్పిడి మజ్జిగ. అయినా బి.పి. దిగదు, పాదాలు వాస్తాయి. తిండిలో ఉప్పు లేదు కదా, నీళ్ళలో ఉందేమో చూద్దామనుకున్నాను. అందుకే మొదటి పేరు పిన్ని ఇంటి ముందున్న బోరింగుదే రాశాను. ఆ ఆలోచన సరైనదే. ఇప్పటికీ సరైనదే. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

వాళ్ళు ఒక మీటరు పంపారు. పెన్నులా ఉంటుంది, నీళ్ళలో ముంచితే అంకె చూపిస్తుంది. ఎన్ని లవణాలుంటే అంత పెద్ద అంకె. దానితోపాటు నియమాల కాగితం. బోరింగు నలభైసార్లు కొట్టి, పాత నీళ్ళు పోయాక సీసా పట్టాలి. మన కళ్ళముందే పట్టాలి. ఫోనులో వారం వారం నింపే పత్రంలో మొట్టమొదటి ప్రశ్న కూడా అదే: సీసా మీ కళ్ళముందే నింపారా?

ఆ వీధిలో ఆరు బోరింగులు ఎంచాను. ఆరు సీసాలు మా బడి ల్యాబులో నేనే కడిగి, ఎండబెట్టి, నంబర్లు అంటించి తీసుకెళ్ళాను. పిన్ని అరుగు మీద ఆడవాళ్ళందర్నీ కూర్చోబెట్టి చెప్పాను. మన నీళ్ళు పెద్ద యూనివర్సిటీకి తెలుస్తాయి, దేశం మ్యాపులో మన వీధి కనిపిస్తుంది, ప్రతి సోమవారం బోరింగు నీళ్ళు పట్టి ఉంచండి, సాయంత్రం బడి అయ్యాక వచ్చి పట్టుకెళ్తాను అని.

అవును, పట్టి ఉంచండి అనే చెప్పాను. ఒక్కో బోరింగు దగ్గర నలభైసార్లు కొట్టించి నిలబడాలంటే చీకటి పడిపోతుంది. ఇంటికెళ్ళి వంట చెయ్యాలి, నోటుపుస్తకాలు దిద్దాలి. సీసాలు పిన్ని అరుగు మీద వరసగా ఉంటే సంచీలో వేసుకుని వచ్చేయొచ్చు. మీ కళ్ళముందే నింపారా అన్న ప్రశ్నకి అవునని నొక్కడానికి అర నిమిషం కూడా పట్టదు. మొదటి వారం నొక్కేటప్పుడు వేలు కాస్త ఆగింది. రెండో వారం ఆగలేదు.

ఆరు సీసాలూ బంగారంలా ఉండేవి. మీటరు మీద ఎప్పుడూ చిన్న అంకే, ఆరింటికీ దాదాపు ఒకే అంకె. మంగళవారం పొద్దున ల్యాబులో పిల్లల ఎదుట ముంచి, గ్రాఫు గీయించి, సిద్ధాంతం కూడా చెప్పాను. ఈ ఆరు బోరింగులకీ అడుగున ఒకే ఇసుకపొర ఉంది, వరద నీరు అందులో నిలవుంటుంది, అందుకే సముద్రం పక్కనున్నా ఉప్పు తగల్లేదు అని. నా సిద్ధాంతం నాకే భలే నచ్చింది. పట్టుకున్న కుందేలుకి మూడే కాళ్ళని నల్లబల్ల మీద బొమ్మ గీసి మరీ చూపించాను.

తొమ్మిదో తరగతిలో దరియాలతిప్ప పిల్ల ఒకతి లేచింది.

"టీచరు గారండీ, ఆ నీళ్ళతో మా ఇంట్లో పప్పు ఉడకదండీ. మా అమ్మ సోడా ఏత్తాదండి."

"మీటరు చెప్పేది నమ్మాలా, మీ పప్పు చెప్పేది నమ్మాలా?" అన్నాను.

క్లాసంతా నవ్వింది. పిల్ల కూర్చుంది. సైన్సంటే చూసింది చూసినట్టు చెప్పడమని అదే బల్ల మీద అంతకుముందు వారమే రాశాను. ఆ గదిలో ఆరోజు సైన్సు చేసింది ఆ పిల్ల ఒక్కతే.

కొన్ని నెలలకి యూనివర్సిటీ నుంచి ఒకమ్మాయి ఫోను చేసింది. రీడింగులన్నీ సరిచూసే పరిశోధక విద్యార్థిని, మన తెలుగమ్మాయే. చాలా మెల్లగా, భయపడుతూ మాట్లాడింది. "మేడం, ఆరు చోట్లా ఒకటే రీడింగ్ వస్తోందండి. అమావాస్య, పౌర్ణమి పోటుకి కూడా తేడా లేదు. ఎండాకాలంలోనూ లేదు. సీసాలు మీ ముందే నింపుతున్నారు కదండీ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "నేను తాగి పెరిగిన నీళ్ళమ్మా అవి. ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను, సీసా పట్టడం నాకు నేర్పక్కర్లేదు," అన్నాను. పాపం సారీ మేడం, సారీ మేడం అని నాలుగుసార్లు అని పెట్టేసింది. ఆ తర్వాత మ్యాపులో మా వీధిలో నీళ్ళు మంచివేనని ఆరు పచ్చ చుక్కలు వెలిగాయి. ఆ మ్యాపుని నా ఫోను తెరకి బొమ్మగా పెట్టుకున్నాను.

ఆ చలికాలంలోనే పిన్నిని కాకినాడ తీసుకెళ్ళాను. కొత్త డాక్టరు, కుర్రాడు, ఓపిగ్గా అడిగాడు. ఉప్పు మానేశారా, మాత్రలు వేళకి వేసుకుంటున్నారా, నిద్ర పడుతోందా. అన్నిటికీ పిన్ని "ఆయ్" అంటోంది. అప్పుడు అతను అడగాల్సిన ప్రశ్న అడిగాడు.

"తాగేది ఏ నీళ్ళమ్మా?"

పిన్ని నోరు తెరిచేలోపల నేను అందుకున్నాను. బోరింగు నీళ్ళేనండి, కానీ వాటి గురించి అనుమానమే అక్కర్లేదు, ఏడాదిగా వారం వారం నేనే కొలుస్తున్నాను అని ఫోను తీసి పచ్చ చుక్కలు చూపించాను. డాక్టరు మ్యాపు చూశాడు, నా వైపు గౌరవంగా చూశాడు. "చాలా మంచి పని చేస్తున్నారు మేడం. అయితే నీళ్ళు కాదన్నమాట," అని మాత్రల మోతాదు పెంచాడు.

పిన్ని కొంగు సర్దుకుని లేచింది. బయటికి వచ్చి బస్సు కోసం నిలబడినప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

"ఎంత బాగా సెప్పేవే ఆయనకాడ. మీ అమ్మ ఉంటే సూసేది," అంది.

అప్పుడు ఆవిడ మొహంలో సంతోషం తప్ప నాకేమీ కనపడలేదు. ఇప్పుడు తలుచుకుంటే కూడా సంతోషమే కనపడుతుంది. అదే భరించలేను.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం బోరింగు దగ్గరే పడిపోయింది. బిందె నిండుతోందట, కొడుతున్న చెయ్యి జారిందట. ఎదురింటి వదిన పరుగెత్తుకొచ్చి లేవదీసి నాకు ఫోను చేసింది. కాకినాడ ఆసుపత్రిలో మూడు వారాలున్నాం. మెదడులో నరం చిట్లిందన్నారు. ప్రాణం దక్కింది. కుడిపక్క దక్కలేదు, మాట దక్కలేదు. మనుషుల్ని గుర్తుపడుతుంది, మనం చెప్పేది తెలుస్తుంది, పెదవి వంకర పోయి గొంతులోంచి ఒక శబ్దం వస్తుంది, అంతే. మా ఫరంపేట ఇంటికి తీసుకెళ్తే అన్నం ముట్టలేదు. ఎడం చేత్తో తలుపు చూపించి ఏడ్చేది. బడికి సెలవు పెట్టి దరియాలతిప్ప ఇంట్లోనే ఆవిడతో ఉండిపోయాను.

రెండో రోజు పొద్దున్న కందిపప్పు కడిగి, బోరింగు నీళ్ళు పోసి కుక్కరు పెట్టాను. మెత్తగా మెదిపి జారుగా పెడితే గాని పిన్ని మింగలేదు. నాలుగు కూతలు వచ్చాక దించి చూస్తే పప్పు పప్పులాగే ఉంది. మళ్ళీ పెట్టాను. ఎన్ని కూతలు వచ్చాయో లెక్క మర్చిపోయాను. మూత తీసి గరిటెతో నొక్కితే గింజలు గరిటె కిందనుంచి జారిపోయాయి. పొయ్యి ముందు నిలబడిపోయాను. తొమ్మిదో తరగతిలో నేను నవ్వించి కూర్చోబెట్టిన పిల్ల గుర్తొచ్చింది.

బిందెలోంచి గ్లాసుతో ముంచి తాగాను. ఉప్పు. ఏదో కొంచెం ఉప్పనగా ఉండడం కాదు, నాలిక మీద నిలబడే ఉప్పు. మీటరు నా సంచీలోనే ఉంది. వెళ్ళి నలభైసార్లు కొట్టి, గ్లాసు పట్టి, ముంచాను. అంకె ఎక్కుతూనే ఉంది. ఆ వీధిలో మీటరు ముంచడం అదే మొదటిసారి. మిగతా ఐదు బోరింగుల దగ్గరికీ గ్లాసు పట్టుకుని పరుగెత్తాను. ఐదూ అంతే. పైగా ఏ రెండూ ఒకలా లేవు.

ఎదురింటి వదిన వాకిలి ఊడుస్తూ చూస్తోంది. దగ్గరికెళ్ళి అరిచినట్టే అడిగాను, ఇన్నాళ్ళూ నాకిచ్చినవి ఏ నీళ్ళు వదినా అని.

"కొనుక్కునే టిన్ను నీళ్ళండీ," అంది, అందులో వింతేముందన్నట్టు. "ఆరు సీసాలూ మీ పిన్ని గారే నింపేవోరండి. పాస్టరు గారొత్తే ఇత్తానికి టిన్ను ఏయించుకుంటారు గదండీ, అందులోంచి. నేను బోరింగుది పట్టి తెత్తే పారబోసేసేరండి. 'అమ్మాయి సీసా తెల్లగా కడిగి ఇచ్చింది, అందులో ఉప్పునీళ్ళు ఎట్టి ఊరు దాటిత్తే దాని పరువేంగాను' అన్నారండి."

"మరి మీరంతా? పిన్ని?"

"మేం బోరింగుయేనండి. కుళాయి నీళ్ళు మందు వాసనండీ, మీ పిన్ని గారు తాగలేరు. ఉప్పు మాకలవాటేనండి. టిన్ను నీళ్ళు మనం తాగుతావేటండి, వచ్చినోళ్ళకి గానీ."

ఊడుపు ఆపి నా మొహం చూసి భయపడింది. "ఏవండీ టీచరు గారూ, మేం తప్పు చేశామా?" అంది.

కాదు వదినా అన్నాను. నిజంగానే వాళ్ళు తప్పు చేయలేదు. నేను ఖాళీ సీసా ఇచ్చాను. ఆ వీధిలో ఖాళీ గిన్నె ఇస్తే ఏం చేస్తారో ఆ వీధిలో పెరిగిన నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆ యూనివర్సిటీ వాళ్ళకి తెలియదు, అందుకే మీ కళ్ళముందే నింపారా అని అడిగారు. అడిగిన ప్రతిసారీ అవునన్నాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్టిలో పడడమంటే ఇదే. కాకపోతే బల్లి తను పడింది, నేను పిన్నిని తోశాను.

ఇంట్లోకి వచ్చి మంచం పక్కన కూర్చున్నాక ఇంకొకటి తట్టింది. ప్రతి సోమవారం నేను వెళ్ళగానే పిన్ని నాకు గ్లాసుతో నీళ్ళిచ్చేది. చల్లగా, తియ్యగా ఉండేవి. నేను తాగి పెరిగిన నీళ్ళని ఫోనులో ఆ అమ్మాయి మీద ఎగిరింది ఆ రుచి నాలిక మీద ఉండబట్టే. అవీ టిన్ను నీళ్ళే. నేను ఎప్పుడు ఆ ఇంటికి వచ్చిపోయే చుట్టాన్నయిపోయానో నాకు తెలియలేదు. పిన్నికి తెలుసు. ఆ రోజు నేను ఏడ్చినట్టు అమ్మ పోయినప్పుడు కూడా ఏడ్చి ఉండను.

కాకినాడ డాక్టరుకి ఫోనులో అంతా చెప్పాను. నీళ్ళొక్కటే కారణమని తేల్చి చెప్పలేమండి, వయసుంది, వంశంలో ఉండొచ్చు అన్నాడు. ముందే తెలిస్తే ఏం చేసేవారని అడిగాను. "మొదట నీళ్ళు మార్పించేవాణ్ణి," అన్నాడు.

యూనివర్సిటీ అమ్మాయికి కూడా చెప్పాను. ఈసారి నేనే సారీ అన్నాను, నాలుగుసార్లు కాదు, చాలాసార్లు. పిన్ని ఎలా ఉందని అడిగింది ముందు. తర్వాత, మా వీధి రీడింగులన్నీ తీసేయాల్సి వస్తుందని చెప్పింది. పచ్చ చుక్కలున్నాయి కాబట్టి ఇంటింటికీ బి.పి. చూసే రెండో దశలో మా వీధిని చేర్చలేదట. మొదటినుంచీ మళ్ళీ కొలిస్తే చేర్చే వీలుంది, కొలుస్తారా మేడం అని అడిగింది. కొలుస్తానన్నాను. మర్నాడు మ్యాపు తెరిచి చూస్తే దరియాలతిప్ప దగ్గర చుక్కలు లేవు.

ఆ వీధిలో మిగతా ఐదు బోరింగుల వాళ్ళ ఇళ్ళకీ వెళ్ళి నేనే చెప్పాను. ఇద్దరు ఆడవాళ్ళు చీర కాస్త పైకెత్తి వాచిన పాదాలు చూపించారు. ఒకావిడ మాత్రం, "మరి ఇప్పుడు ఉప్పునీళ్ళే రాసి పంపుతారేటండీ? మన ఊరిని ఏమనుకుంటారండీ?" అంది.

ఆ సోమవారం సెలవులోనే ఉన్నాను. పొద్దున్నే పిన్ని మంచం వసారాలోకి లాగాను, బోరింగు కనపడేలా. ఒకటో నంబరు సీసా కడిగాను. నలభైసార్లు కొట్టాను. ఇరవైకే ఆయాసం వచ్చింది. ఆవిడ ఈ వయసులో రోజుకెన్నిసార్లు కొట్టేదో అనుకుంటూ కొట్టాను. సీసా పట్టి, మూత బిగించకుండానే, నంబరు రాసుకుందామని మంచం పట్టె మీద పెట్టాను.

గొంతులో ఆ శబ్దం చేసింది పిన్ని. దాహమేమో అనుకుని టిన్ను నీళ్ళు చెంచాతో పట్టబోయాను. తల తిప్పేసింది. ఎడం చెయ్యి మెల్లగా జరిపి సీసా పట్టుకుంది. పట్టుకుని, నా కళ్ళముందే, నీళ్ళన్నీ నేల మీదికి వంపేసింది. ఖాళీ సీసా నాకిచ్చి మూలనున్న టిన్ను వైపు వేలు చూపించింది.

"వద్దు పిన్నీ, బోరింగువే కావాలి," అన్నాను.

మళ్ళీ టిన్ను చూపించింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఉప్పునీళ్ళు గడప దాటిస్తున్నానని, యూనివర్సిటీ ముందు నా పరువు నేనే తీసుకుంటున్నానని ఆవిడ బాధ.

వెళ్ళి మళ్ళీ నలభైసార్లు కొట్టాను. ఈసారి సీసా ఆవిడకి అందేలా పెట్టలేదు. బోరింగు గట్టు మీదే మీటరు ముంచి, అంకె రాసుకుని, ఫోను తీశాను. సీసా మీ కళ్ళముందే నింపారా అని అడిగింది. అవునని నొక్కి తలెత్తి చూస్తే పిన్ని మొహం గోడవైపు తిప్పుకుని ఉంది.